టీనాను నేను ముందే కనిపెట్టాను

2022 జూన్ 3న విడుదలైన 'విక్రమ్' సినిమాలో, వంటింట్లో పని చేసుకుంటున్న పనిమనిషి ఉన్నట్టుండి ఏజెంట్ టీనాగా బయటపడే ఘట్టం చూసి నేను ఏమాత్రం ఆశ్చర్యపోలేదని పాఠకలోకానికి మొదటే విన్నవించుకుంటున్నాను. నా కుడిపక్క కూర్చున్న పెద్దమనిషి కూడా ఆశ్చర్యపోలేదట. ఆ క్షణంలో ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, చేతిలో ఉన్న పాప్‌కార్న్ అంతా నా ఒళ్లో పోసిన మాట నిజమే గాని, అది కాళ్లు తిమ్మిరెక్కడం వల్ల జరిగిందని వివరణ ఇచ్చారు. ముందు వరుసల్లో ఈలలు వేసి, కాగితాలు చింపి ఎగరేసి, గొంతులు పోగొట్టుకున్న కుర్రాళ్లను ఆట వదిలాక బండ్ల స్టాండు దగ్గర విచారిస్తే, వాళ్లూ ముందే కనిపెట్టామన్నారు. ఆ రోజు ఆ హాల్లో మోసపోయినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడని తేలింది గనుక, పైకప్పు అదిరేలా అరిచింది ఎవరన్నది మాత్రం నేటికీ తేలలేదు.

సినిమా చూడనివారు ఇక్కడితో చదవడం ఆపవచ్చునని రాయడం మర్యాద. కాని చూడనివారు కూడా 'అది మాకు ముందే తెలుసు' అంటున్న కాలంలో ఆ హెచ్చరిక ఎవరికి చేయాలో తెలియక మానుకున్నాను. లోకేశ్ కనకరాజ్ తీసిన ఈ కథలో కమల్‌హాసన్ ఒకప్పటి గూఢచారి, విజయ్ సేతుపతి మత్తుమందుల ముఠా నాయకుడు. గూఢచారి మనవడైన పసివాడు ఉన్న ఇంటి మీదికి ముఠా మనుషులు వచ్చి పడతారు. అంతవరకు ఆ ఇంట్లో మిక్సీ, గ్రైండరు, చీపురు వంటి సామగ్రి జాబితాలో ఒకటిగా ఉన్న పనిమనిషి, అసలు పేరుతో పిలుపు అందగానే నడుం బిగించి, చేతికందిన వస్తువుతో వాళ్లను ఎదుర్కొని, చివరికి ఆ పోరులోనే ప్రాణం విడుస్తుంది.

ఈ సినిమాలో ప్రేక్షకుణ్ణి తికమక పెట్టడానికి దర్శకుడు పడిన శ్రమ చిన్నది కాదు. మొదట్లోనే కమల్‌హాసన్ పాత్ర హత్యకు గురైనట్టు చూపించి, విశ్రాంతి వేళకు ముసుగు తీయించి, బతికే ఉన్నాడని ప్రకటించారు. కాని గోడపత్రిక మీద నిలువెత్తున ఉన్న నాయకుడు మొదటి అరగంటలోనే పోయాడంటే, డబ్బులు పెట్టి టికెట్టు కొన్న మనిషి నమ్ముతాడా? సంతాపం తెలిపినవాడు హాల్లో ఎవరూ కనిపించలేదు. ఇక చివరలో నటుడు సూర్య వస్తాడన్న సంగతి విడుదలకు ముందే ఊరందరికీ తెలుసు. అక్కడ మోగిన చప్పట్లు, రావలసిన రైలు వేళకు వచ్చినందుకు స్టేషనులో జనం చూపే సంతోషం వంటివి. ముసుగు, చీకటి, పొగ, నేపథ్య సంగీతం, ఇన్ని ఖర్చులు పెట్టి దాచిన నాయకుణ్ణి జనం ఇట్టే పట్టేశారు. పనిమనిషికి మాత్రం దర్శకుడు ముసుగు కుట్టుకూలి కూడా పెట్టలేదు. పట్టపగటి వెలుగులో, తెర మధ్యలో, ముఖం స్పష్టంగా కనిపించేలా ఆవిణ్ణి తిప్పాడు. తన ప్రేక్షకుల కళ్ల మీద ఆయనకున్న నమ్మకం అంతటిది.

ఆ నమ్మకం వమ్ము కాలేదని చెప్పడానికి నా పక్కన కూర్చున్న పెద్దమనిషి వాంగ్మూలమే చాలు. ఎలా కనిపెట్టారని అడిగాను. ఆవిడ కత్తి పట్టుకున్న తీరులో శిక్షణ కనిపించిందన్నారు. కత్తి పట్టక ముందు కనిపెట్టారా, పట్టాకనా అని మళ్లీ అడిగాను. ముందే అన్నారు. సరే, అంతకు ముందు ఆవిడ ఎన్ని సన్నివేశాల్లో కనిపించిందో చెప్పమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అసలు అంతకు ముందు కనిపించిందా?" అన్నారు.

ఈ సందర్భంలో ఆ పాత్ర వేసిన వాసంతి గురించి ఒక మాట చెప్పాలి. ఆమె ఏళ్ల తరబడి సినిమా పాటల్లో నాయకుల వెనుక వరుసలో నర్తించిన కళాకారిణి, నృత్య దర్శకుల దగ్గర సహాయకురాలిగా పనిచేసిన మనిషి. ఎన్ని పాటల్లో, ఎందరు నాయకుల భుజం వెనుక నుంచి ఆమె మనల్ని చూసిందో లెక్క తెలియదు గాని, మనం మాత్రం ఆమెను ఒక్కసారీ చూడలేదు. తెర మీద టీనా ఎంతకాలం కనబడకుండా ఉందో, తెర వెనుక ఆ నటి అంతకన్నా ఎక్కువ కాలం కనబడకుండా ఉంది. నటనకు ఇంతకు మించిన పూర్వానుభవం ఎక్కడ దొరుకుతుంది? ఆ సినిమా తరువాత ఆవిణ్ణి 'కొత్త నటి' అని మెచ్చుకున్నవారూ ఉన్నారు.

ఆశ్చర్యపోనివారి తరువాత లెక్కలోకి తీసుకోవలసినవారు తర్కవాదులు. వీరికి ఆ ఘట్టం నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం లాజిక్ లేకపోవడం. అంతటి శిక్షణ పొందిన మనిషి ఏళ్ల తరబడి అంట్లు తోముకుంటూ ఎలా కూర్చుంటుంది, ఆ ఒడుపు, ఆ దమ్ము తగ్గిపోవా అని వీరి ప్రశ్న. అరవై దాటిన నాయకుడు ఒక్కడే ముఠాలను మట్టి కరిపిస్తే ఆ ఒడుపు ఎక్కడ సాధన చేశాడని వీరు అడగలేదు, అది కళ గనుక. కాని ప్రశ్న వచ్చింది గనుక సమాధానం చెప్పడం విధి. మా అపార్ట్‌మెంటులో పనివాళ్లు లిఫ్టు ఎక్కరాదని గోడకు నోటీసు అంటించి ఉంది. ఆ ప్రకారం మా ఇంట్లో పనిచేసే ఆవిడ తెల్లవారుజామున లేచి తన ఇంటి పని ముగించుకుని, రెండు బస్సులు మారి, రోజుకు ఆరు ఇళ్ల మెట్లెక్కి దిగుతుంది. మూడో అంతస్తులోని మా వాకిలి నుంచి వంటింట్లోకి నిండు గ్యాసు సిలిండరును ఒంటి చేత్తో దొర్లించుకుని వస్తుంది. మరుగుతున్న నూనె చెంతన, జారే గచ్చు మీద, ఎవరి కాలికీ అడ్డం పడకుండా, ఎవరి మాటా విననట్టు ముఖం పెట్టి పని చేస్తుంది. ఇలాంటి శిక్షణ ఏ సైనిక అకాడమీలో ఇస్తారో తర్కవాదులు చెప్పాలి.

పైగా ఇది నిన్నమొన్న లోకేశ్ కనకరాజ్‌కు తట్టిన ఆలోచన కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలో గూఢపురుషులను ఎక్కడెక్కడ నియమించాలో చెబుతూ వంటవాళ్లను, స్నానం చేయించేవాళ్లను, ఒళ్లు పట్టేవాళ్లను, పక్క పరిచేవాళ్లను, క్షురకులను, నీళ్లందించేవాళ్లను వరుసగా పేర్కొన్నాడు. గొడుగు పట్టేవాడినీ, వింజామర వీచేవాడినీ, చెప్పులు మోసేవాడినీ వదల్లేదు. పెద్దవాళ్లు తమ సేవకుల ముఖం వంక చూడరని ఆయనకు తెలిసినంతగా మన సినీ విమర్శకులకు తెలిసి ఉంటే, ఆ వారం ఇన్ని వేల మాటలు 'ఊహించని మలుపు' మీద ఖర్చయ్యేవి కావు.

ఇక రుజువు కావాలంటే టర్కీ రాజధాని అంకారా వెళ్లాలి. 1943లో అక్కడ బ్రిటిష్ రాయబారిగా ఉన్న సర్ హ్యూ నాచ్‌బుల్ హ్యూగెసన్ దగ్గర ఎలియెసా బజ్నా అనే పరిచారకుడు ఉండేవాడు. బట్టలు ఇస్త్రీ చేసి అందించడం, ఉదయం నిద్ర లేపడం అతని పని. దొరగారు స్నానానికి వెళ్లిన వేళల్లో, నిద్రపోయిన వేళల్లో ఆయన రహస్య పత్రాల పెట్టె తెరిచి ఫొటోలు తీసి జర్మన్లకు అమ్మాడు. దొంగతాళం కోసం తాళంచెవి అచ్చును మైనం మీద తీసుకున్నాడు. జర్మన్లు అతనికి సిసిరో అని పేరు పెట్టారు. తన కోటు విప్పి అందుకున్న మనిషి తన మీదే నిఘా వేస్తాడని రాయబారికి నెలల తరబడి తోచలేదు. ఆయన ఈ రోజు ఉండి ఉంటే, తాను ముందే కనిపెట్టానని తప్పక చెప్పేవాడు. అయితే ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం ఇంకొకటుంది. జర్మన్లు అతనికిచ్చిన పౌండ్లలో అత్యధికం దొంగనోట్లు. యుద్ధం ముగిశాక పరిహారం కోసం పశ్చిమ జర్మనీ ప్రభుత్వాన్ని అడిగినా ఫలితం లేకపోయింది. పనివాడి జీతం దగ్గరికి వచ్చేసరికి నాజీ ప్రభుత్వానికీ, దసరా బోనసు కింద రంగు వెలిసిన చీర చేతిలో పెట్టే మా వీధికీ ఇంతటి పోలిక ఉంటుందని చరిత్రకారులు గమనించినట్టు లేదు.

గృహ కార్మికుల హక్కుల మీద 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం తెచ్చినప్పుడు మన దేశం అనుకూలంగా ఓటు వేసి వచ్చింది. ధ్రువీకరణ మాత్రం పెండింగులో ఉంచింది. అప్పట్లో దాన్ని అలసత్వమనుకున్నాను. గూఢచారి శాఖ ఉద్యోగులకు వారాంతపు సెలవు, పని గంటలు వంటివి ప్రకటిస్తే రహస్యం బయటపడుతుందని కాబోలు.

సినిమా చూసిన మరుసటి వారం మా అపార్ట్‌మెంటు సంఘం అత్యవసర సమావేశం జరిపింది. ఒక కార్యాలయంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన మా కార్యదర్శి గారు, సినిమా వినోదం కోసమే తీసినా అందులో భద్రతకు సంబంధించిన పాఠం ఉందన్నారు. పనివాళ్లందరి వివరాలతో పదిహేడు గడుల రిజిస్టరు పెట్టాలని, ఆధార్ నకలు జతపరచాలని, గేటు దగ్గర సంచులు చూడాలని తీర్మానం చేశారు. పోయేటప్పుడు చూడాలా, వచ్చేటప్పుడు చూడాలా అన్న దాని మీద అరగంట చర్చ జరిగింది. ఈ చర్చ జరుగుతున్నంతసేపూ మాకు టీ అందించిన వాచ్‌మన్ భార్యను బయటికి వెళ్లమని ఎవరికీ తోచలేదు.

ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఏ కొడుక్కి ఎన్ని సబ్జెక్టులు మిగిలిపోయాయో, ఏ బీరువా తాళంచెవి ఏ పప్పుడబ్బాలో ఉందో, నాతో సహా ఎవరెవరు డాక్టరు వద్దన్న పదార్థాలు రాత్రిపూట తింటున్నారో, ఈ సమాచారమంతా ఆ ఆరు ఇళ్ల మనిషి దగ్గర భద్రంగా ఉంది. ఆవిడ గురించి మా దగ్గర ఉన్న సమాచారం, పండుగ మరునాడు రాదన్నది ఒక్కటే. నిఘా శాఖ భాషలో చెప్పాలంటే పోరు ఏకపక్షంగా సాగుతోంది.

అందుచేత నేను స్వయంగా రంగంలోకి దిగాను. ఒక ఉదయం పేపరు అడ్డం పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుని, లక్ష్మి పని చేస్తుంటే గమనించడం మొదలుపెట్టాను. ఆరేళ్లుగా మా ఇంట్లో చేస్తున్నా, ఆవిడ ఎడమచేతి వాటం మనిషని ఆ రోజే తెలిసింది. చీపురు పట్టిన తీరులో శిక్షణ ఉంది. పావుగంట గడిచాక ఆవిడ వంటింట్లోకి వెళ్లి మా ఆవిడతో గొంతు తగ్గించి, "అమ్మా, సార్‌కి ఒంట్లో బాలేదా? నా వంక చూస్తున్నారు" అంది.

గూఢచారులకు అనుమానం త్వరగా వస్తుందని ఎక్కడో చదివాను. వెంటనే రిజిస్టరు కోసమని ఆధార్ కార్డు అడిగాను. మరునాడు తెచ్చి ఇచ్చింది. అందులో పేరు నాగమణి అని ఉంది.

నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో పాఠకులు ఊహించుకోవచ్చు. ఆరేళ్లుగా మారుపేరుతో నా వంటింట్లో తిరుగుతున్న మనిషిని, ఏ దర్శకుడి సాయమూ లేకుండా, సంగీతం కూడా లేకుండా పట్టుకున్నాను. కార్డు బల్ల మీద పెట్టి, ఈ లక్ష్మి ఎవరని సూటిగా అడిగాను.

"లక్ష్మక్క నాకంటే ముందు మీ ఇంట్లో చేసింది సార్. నేను చేరిన రోజు అమ్మగారు 'లక్ష్మీ, ముందు ఆ గిన్నెలు కడుగు' అన్నారు. నా పేరు అది కాదమ్మా అని రెండుసార్లు చెప్పాను. మీరు పేపరు చదువుతున్నారు. తర్వాత పలకడం అలవాటైపోయింది" అని, కార్డు తీసుకుని కొంగున కట్టుకుని, తడిగుడ్డ పిండుకుని హాల్లోకి వెళ్లింది.

సాయంత్రం కార్యదర్శి గారి దగ్గరికి వెళ్లి రిజిస్టరు నింపాను. పదకొండో గడి 'మారుపేర్లు ఏవైనా ఉంటే' అని ఉంది. లక్ష్మి అని రాశాను. పన్నెండో గడి 'సదరు మారుపేరు ఎవరి ప్రోద్బలంతో' అని ఉంది. పెన్నులో సిరా అయిపోయిందని చెప్పి వచ్చేశాను.