నేపాల్ అంటే ఒక్క నేపాలీ భాషే కాదు

నేపాల్ ప్రజలందరినీ నేపాలీ మాతృభాషగా గల ఒకే జాతిగా ఒక వ్యాసంలో పేర్కొన్నారు, అది సరికాదు. 2021 జనగణనలో అక్కడ 142 కులాలు, జాతులు, 124 మాతృభాషలు నమోదయ్యాయి. నేపాలీని మాతృభాషగా చెప్పుకున్నవారు సగం కన్నా తక్కువే. భారత సరిహద్దు వెంట ఉన్న తరాయి మైదానాల్లో మైథిలి, భోజ్‌పురి, థారు, కొండల్లో తమాంగ్, మగర్, ఖాట్మండు లోయలో నేవారీ వినిపిస్తాయి. తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసింది తూర్పు తరాయిలో ఉరావ్ తెగవారు మాట్లాడే కురుఖ్ భాషను, ఎందుకంటే అది కూడా మన భాషలాగే ద్రావిడ కుటుంబానికి చెందినది. 'నేను' అనడానికి వారు 'ఏన్' అంటారు. మన ప్రాచీన కావ్యాల్లోని 'ఏను' దానికి తోబుట్టువే. అంతరించే దశలో ఉన్న కుసుందా భాషకు మాత్రం ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు. 2015 రాజ్యాంగం 6వ అధికరణం అక్కడి మాతృభాషలన్నిటినీ జాతీయ భాషలుగా గుర్తించింది. దయచేసి ఆ వ్యాసంలోని ఆ వాక్యాన్ని సవరించగలరు.