సరుకు విమానం నడిపేదీ మనిషే

నిన్న బుక్ చేసిన పార్శిల్ ఇవాళ పొద్దున్నే కూకట్‌పల్లిలో గుమ్మం ముందుండాలంటే ఎవరో రాత్రంతా మేలుకోవాలి. మందులు, టీకాలు ఎగుమతి చేసే ఊరు మనది. 2023 జనవరిలో అమెజాన్ తన సరుకు విమానాలను దేశంలో తొలిసారి మొదలుపెట్టిందీ హైదరాబాద్‌లోనే. ఆ విమానాలు నడిపేవాళ్ల డ్యూటీ రోస్టర్ గురించి మనం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?

సాయంత్రం చిన్న ఊరి నుంచి సరుకును పెద్ద కేంద్రానికి చేర్చి, సార్టింగ్ అయ్యేదాకా ఆగి, తెల్లవారుజామున తిరిగి తీసుకెళ్లడం ఫీడర్ పైలట్ పని. అమెరికాలో ఈ రూట్లలో సెస్నా కారవాన్ అనే చిన్న విమానాన్ని తరచూ ఒక్కరే నడుపుతారు. గాలిలో ఉండేది కొద్ది గంటలే కాబట్టి కాగితం మీద తేలిక డ్యూటీ. మధ్యలో ఆ పైలట్ మంచం మీద నడుం వాల్చాడా, కుర్చీలో జోగాడా అన్నది కాగితానికి పట్టదు. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఒళ్లు నిద్రకే మొగ్గుతుంది. పగలు పడుకోవచ్చుగా అనేవాళ్లు, పక్కింట్లో డ్రిల్లింగ్ మిషన్ మోగుతుంటే ఓసారి ప్రయత్నించాలి.

నిద్ర సుఖమెరుగదంటారు. వెనకున్నది మనుషులో మూటలో కూడా దానికి తెలియదు. అమెరికా మాత్రం 2014 జనవరి నుంచి అమలైన విశ్రాంతి నిబంధనల్లో ఖర్చు సాకుతో సరుకు విమానాలను వదిలేసింది. అంతకు కొద్ది నెలల ముందే, 2013 ఆగస్టు 14న తెల్లవారకముందు అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ అనే కొరియర్ సంస్థ సరుకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అలసట ఒక కారణమని దర్యాప్తులో తేలింది. తమకో రూలు, ప్రయాణికుల విమానాలకో రూలు ఏమిటని ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు కాక్‌పిట్ రికార్డర్‌లో దొరికాయి.

మనకూ అనుభవం లేకపోలేదు. 2010లో 158 మందిని బలిగొన్న మంగళూరు ప్రమాదంలో కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు కుదించింది. తీరా ఆ రూళ్లకు తగ్గట్టు పైలట్లు సరిపోక 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యేసరికి ఆ సంస్థకు తాత్కాలిక సడలింపులిచ్చింది. ఒత్తిడి వస్తే రూలు వంగుతుందని అందరికీ తెలిసిపోయింది. రేపు సరుకు సంస్థలు అదే దారి పట్టవచ్చు.

మేము కోరేవి పెద్ద కోరికలు కావు. చీకటి గది, మంచం ఇచ్చినప్పుడే మధ్య విరామాన్ని విశ్రాంతిగా లెక్కించాలి. వరస రాత్రి డ్యూటీలకు గట్టి హద్దు ఉండాలి. అలసిపోయానని చెప్పిన పైలట్ జీతం కోయకూడదు. అలాంటి ఫిర్యాదులు సరుకు విమానాల నుంచి ఎన్ని వచ్చాయో, వాటిపై ఏం చేశారో డీజీసీఏ ఏటా విడిగా ప్రకటించాలి.