కొనే ముందే అమ్మే రోజును లెక్కవేయాలి

హైదరాబాద్ శివార్లలో మొదటిసారి స్థలం మీద పెట్టుబడి పెట్టాలనుకునే ఉద్యోగి ముందుగా అడిగేది ‘ఐదేళ్లలో ఎంత పెరుగుతుంది?’ అని. దానికి జవాబు చెప్పేది సాధారణంగా వెంచర్ ఏజెంటే. కొనుగోలు జరిగితే చాలు, ఆయన కమీషన్ ఆయనకు ముడుతుంది కాబట్టి ఆ జవాబును పట్టుకుని లెక్కలు వేయడం వృథా. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఐదేళ్ల తర్వాత ఈ స్థలాన్ని కొనడానికి వచ్చేవారు ఎవరు, వారి లాయరు ఏ కాగితాలు చూపమంటారు, వారికి బ్యాంకు అప్పు ఇస్తుందా? ధర ఎంత పెరిగినా ఈ మూడింటికీ సమాధానం లేని ఆస్తిని డబ్బుగా మార్చుకోవడం కష్టం.

ముందు లెక్క చూద్దాం. గజం 15 వేల చొప్పున 200 గజాల ప్లాటు 30 లక్షలు అనుకుంటే, తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 2.25 లక్షలు, మొదటి రోజే ఖర్చవుతుంది. మధ్యవర్తికి ఒక శాతం కలిపితే పెట్టుబడి 32.55 లక్షలకు చేరుతుంది. ఇదే మొత్తాన్ని 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచితే ఐదేళ్లలో 45 లక్షలు దాటుతుంది. అమ్మేటప్పుడు ఇచ్చే కమీషన్ కూడా పోను ప్లాటు దానితో సమానం కావాలంటే సుమారు 46 లక్షలకు అమ్ముడుపోవాలి. పన్నుల సంగతి అటుంచి, ధర ఏటా దాదాపు 9 శాతం పెరిగితే తప్ప డిపాజిట్‌తో సరితూగదన్న మాట. మొదటి రోజే పోయే ఖర్చును ఇంకా తక్కువ కాలంలో రాబట్టాల్సిన ‘రెండేళ్లలో అమ్మేసుకోవచ్చు’ అనే సలహా చాలామంది విషయంలో ఎందుకు బెడిసికొడుతుందో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

ధర కంటే పెద్ద సమస్య హక్కు. మన దేశంలో రిజిస్టర్ అయ్యేది దస్తావేజు మాత్రమే. దాని వల్ల హక్కుకు ప్రభుత్వ పూచీ ఏదీ రాదు. అమ్మినవారికి అసలు అమ్మే అధికారం ఉందా లేదా అన్నది తేల్చుకోవలసింది కొనేవారే. ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచి దొరికే ఈసీని, అంటే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే పత్రాన్ని, చూసి చాలామంది తృప్తి పడతారు. అయితే రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టులో నడుస్తున్న దావాలు, వాటా తేలని వారసులు ఈసీలో కనిపించకపోవచ్చు. అందువల్ల కనీసం ముప్పై ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఒకప్పుడు సాగుభూమి అయితే పాత పహాణీలు (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు), తెలంగాణలోనైతే 1954-55 ఖాస్రా పహాణీ వరకు లాయరుతో చూపించుకోవడం అవసరం. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధించింది కాబట్టి, ఎన్ని చేతులు మారినా అలాంటి భూమి మూలంలోని లోపం పోదు. చెరువు దగ్గరలో ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే మేర), దాని చుట్టూ కట్టడాలకు వీల్లేని బఫర్ జోన్ హద్దులు చూసుకోవాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాక ఈ మాట ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

వారసుల విషయం కాస్త ఎక్కువగానే చెప్పుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని హిందూ కుటుంబాల్లో 1985 సెప్టెంబరు నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జిత ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు 1986 సవరణ ద్వారా వచ్చింది. 2005లో కేంద్ర చట్టం దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కేనని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా అన్నదమ్ములు మాత్రమే సంతకం చేసిన దస్తావేజులు ఊరూరా కనిపిస్తాయి. ఆడపడుచుల సంతకాలు ఏవని అడిగితే ‘వాళ్లు అడగరులెండి’ అంటారు అమ్మేవారు. భూమి ధర పదింతలైన రోజున అడుగుతారు, అడగడం న్యాయం కూడా.

అనుమతుల దగ్గర తెలివిగా మాట్లాడే ఏజెంట్లు ‘హెచ్ఎండీఏ అప్రూవ్డ్’ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ అనుమతి), ‘డీటీసీపీ అప్రూవ్డ్’ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ అనుమతి) అంటారు గాని, అది తాత్కాలిక అనుమతో తుది అనుమతో చెప్పరు. లేఅవుట్ వేసేవారు రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేసేదాకా 15 శాతం ప్లాట్ల స్థలాన్ని అనుమతి ఇచ్చిన సంస్థ పేరిట తనఖా ఉంచాలి. మీకు చూపిస్తున్న ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న. గ్రామ పంచాయతీ లేఅవుట్ల చిక్కులు వదిలించడానికి తెలంగాణ ప్రభుత్వం 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చాయి. ఏళ్ల తరబడి తేలకుండా ఉండిపోయినవీ లక్షల్లోనే. ఇక గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు కాగితం మీద సాగుభూములే. వాటిలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు, గృహరుణం దొరకదు, తర్వాత కొనేవారు కూడా మొత్తం డబ్బు చేతిలో ఉన్నవారే అయి ఉండాలి.

రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వడానికీ, అమ్మడానికీ వీల్లేదు. రిజిస్టర్ అయిన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్, కట్టబోయే భవనం స్థలంలో అవిభక్త వాటా పేరిట అమ్మే యూడీఎస్ ఆఫర్లలో చదరపు అడుగుకు తగ్గించి ఇచ్చే ధర ఈ రక్షణలన్నీ వదులుకున్నందుకు ఇచ్చే మూల్యమే. మొత్తం సొమ్ము ముందే చెల్లించి, అనుమతులు ఎప్పుడొస్తాయో తెలియని బిల్డర్‌కు కొనుగోలుదారు పూచీకత్తు లేని అప్పు ఇస్తున్నారు. చివరకు ఫ్లాటు వచ్చినవారు లేరని కాదు, కానీ దాన్ని పెట్టుబడి అనడం నాకు సబబుగా తోచదు.

ప్రభుత్వ ప్రకటనల మీద ధర నిలబడిన చోట మరింత ఆచితూచి అడుగేయాలి. ముచ్చర్ల పరిసరాల్లో ఫార్మా సిటీ పేరు చెప్పి ఏళ్లపాటు వెంచర్లు అమ్మారు. ప్రభుత్వం మారాక అదే ప్రాంతం ఫ్యూచర్ సిటీ అయింది, బ్రోచర్లూ మారాయి. అమరావతిలో 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ధరలు కుప్పకూలాయి, 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ లేచాయి. ఆ మధ్య నాలుగున్నరేళ్లలో పిల్ల పెళ్లికో చదువుకో అమ్ముకోక తప్పనివారికి తర్వాతి పెరుగుదల అక్కరకు రాలేదు. ఇలాంటి చోట కొనేవారు పదేళ్లు ఆ సొమ్మును ముట్టుకోనక్కరలేని స్థితిలో ఉండాలి.

ఫ్లాటు కొని అద్దెకిచ్చే ఆలోచనకు లెక్క ఇంకా సులువు. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 22 వేలు అద్దె వస్తే ఏడాదికి 3.3 శాతం, 60 లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తెస్తే నెలవాయిదా సుమారు 52 వేలు. మిగతా 30 వేలు జీతంలోంచి పోతాయి.

పన్ను లెక్కలోనూ అమ్మే రోజే ముఖ్యం. 2024 జూలై 23 నుంచి కొన్న ఆస్తిని రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి చూపే సౌకర్యం లేదు. దస్తావేజులో ప్రభుత్వ విలువే రాసి మిగతాది నగదుగా ఇచ్చినవారు అమ్మేటప్పుడు పూర్తి ధర తెల్లగా తీసుకుంటే, తామే చెల్లించిన సొమ్ము మీద లాభం పన్ను కడతారు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఐలు సాగుభూమి కొనకూడదు, కాబట్టి ఫామ్ ప్లాటు వారికి మొదటే నిషిద్ధం. పైగా ఎన్‌ఆర్‌ఐ అమ్మినప్పుడు కొనేవారు మూలంలో కోయవలసిన పన్ను (టీడీఎస్) మామూలు ఒక శాతం కంటే చాలా ఎక్కువ. ఆ తతంగం తెలిసి వెనక్కి తగ్గే కొనుగోలుదారులూ ఉంటారు.

రిజిస్ట్రేషన్‌కు ముందు జరిగేది బయానా (అడ్వాన్సు) ఒప్పందం. లాయరు అభిప్రాయం బయానాకు ముందే తీసుకోవడం మేలు. అమ్మేవారు తొందరపెడితే, హక్కులో లోపం తేలినా బ్యాంకు అప్పు నిరాకరించినా బయానా మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న షరతును ఒప్పందంలో రాయించుకుని, సొమ్మును చెక్కు ద్వారానే ఇవ్వాలి. స్థలం అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా బయానా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు కూడా. ఆ షరతు రాయడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం అక్కడితో ఆపడం మంచిది.