డుబ్రోవ్నిక్‌లో జెండా వెనక నడవొద్దు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వేసవి క్రూజు మాట మొదలైతే ముందు వచ్చే ప్రశ్న "ఎన్ని పోర్టులు కవరవుతాయి?" రెండోది వెజ్ భోజనం గురించి. ఓడ ఏ ఊళ్లో ఎంతసేపు ఆగుతుంది, దిగిన చోటి నుంచి ఊరు ఎంత దూరం అని అడిగేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ల మెసేజి కింద ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టేస్తారు, ఆ ప్రశ్న అక్కడితో సరి.

నిజానికి మొదట అడగాల్సింది అదే. బ్రోచర్‌లో రోమ్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఓడ ఆగేది చివితావెక్కియాలో. అక్కణ్నుంచి రోమ్ ఇంకా డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. ఫ్లారెన్స్ అంటే లివోర్నో రేవు. పారిస్ అంటే ల హావ్ర్, బస్సులో పోనూ రానూ ఐదారు గంటలు. పొద్దున దిగి సాయంత్రం ఎక్కాల్సిన మజిలీలో సగం రోజు హైవే మీదే గడిచిపోతుంది. అలా చూసిన రోమ్‌ని "చూశాం" అని ఫేస్‌బుక్‌లో రాసుకోవడం నాకు మనస్కరించదు.

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ సంగతి వేరు. పెద్ద ఓడలు ఆగే గ్రూజ్ రేవు నుంచి పాత నగరం పడమటి ద్వారమైన పిలేకి సుమారు మూడు కిలోమీటర్లు. సిటీ బస్సెక్కితే కాసేపట్లో కోట ముందుంటాం. లోపల ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడిచినా పది నిమిషాలు. ఒక్క రోజులో నిజంగా పట్టు దొరికే చారిత్రక నగరాలు మధ్యధరా తీరంలో కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. ఇంత వీలుగా ఉన్న ఊరిని కూడా మనం మంద కట్టి పాడుచేసుకుంటున్నాం. నా బాధ అది.

మనవాళ్ల గ్రూపు టూరు ఎలా ఉంటుందో తెలిసిందే. నలభై మంది, చెవుల్లో ఇయర్‌పీసులు, ముందు జెండానో మడిచిన గొడుగో పైకెత్తి పట్టుకున్న గైడు. ఉదయం పది గంటలకి పిలే ద్వారం దగ్గర ఇలాంటి జెండాలు అరడజను. అందరి ప్రోగ్రామూ ఒకటే: ముందు ఊరి చుట్టూ ఉన్న కోట గోడ ఎక్కడం. ఆ గోడ చుట్టుకొలత 1,940 మీటర్లు, కొన్ని చోట్ల ఎత్తు 25 మీటర్లు. లెక్కలేనన్ని మెట్లు, నీడ మాత్రం ఎక్కడో గాని ఉండదు. ఒకే దిశలో నడవాలి, కాబట్టి మధ్యలో ఓపిక అయిపోతే వెనక్కి తిరిగే వీల్లేదు, తర్వాతి దిగుడు దాకా పోవాల్సిందే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో జులై ఎండలో ఈ పని చేసేవాళ్లని చూస్తే నాకే నీరసం వస్తుంది. మధ్యాహ్నానికి దిగుతారు, ఫ్రిజ్ మీద పెట్టుకునే మాగ్నెట్లు కొంటారు, ఒక ఐస్‌క్రీమ్ తింటారు, "లంచ్ ఓడలో ఫ్రీ కదా" అని బస్సెక్కేస్తారు. ఆ లంచ్ ఫ్రీ కాదండీ, టికెట్టులో ముందే కట్టేశాం.

ఇక ఊరివాళ్ల వైపు నుంచి చూద్దాం. పాత నగరం 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆ గోడల మధ్య ఇప్పుడు కాపురం ఉంటున్నవాళ్లు రెండు వేల మంది కూడా లేరు. ఒకప్పుడు వేసవిలో కొన్ని రోజులు అంతకు ఎన్నో రెట్ల జనం ఒక్కసారే లోపలికి వచ్చి పడేవారు. ద్వారాల దగ్గర కెమెరాలు పెట్టి జనాన్ని లెక్కపెట్టాల్సి వచ్చింది. చివరికి నగరం ఓడల కంపెనీలతో మాట్లాడుకుని, ఒకే సమయంలో రెండు ఓడలకు మించి రాకూడదని, వాటిలోని ప్రయాణికులు కూడా నాలుగైదు వేలు దాటకూడదని పరిమితి పెట్టుకుంది. ఈ కబురు గ్రూపులో పడగానే ఒక పెద్దాయన "మన డబ్బులు కావాలి గాని మనం వద్దా?" అని రాశారు. చాలామంది లైకులు కొట్టారు కూడా.

ఆయనతో నాకు పేచీ ఉంది. ఓడ మీద వచ్చేవాళ్లని ఎలా రానివ్వాలన్నది ఈ ఊరు నిన్నమొన్న ఆలోచించిన విషయం కాదు. అప్పట్లో దీని పేరు రగూసా, స్వతంత్ర గణరాజ్యం. బతుకంతా సముద్ర వ్యాపారం మీదే. ఐరోపాని ప్లేగు ఊడ్చేస్తున్న రోజుల్లో, 1377లో, ఇక్కడి మహాసభ ఒక చట్టం చేసింది. ప్లేగు ఉన్న చోటి నుంచి వచ్చేవాళ్లు నేరుగా ఊళ్లోకి రాకూడదు. ముందు దగ్గర్లోని మ్ర్కాన్ అనే చిన్న దీవిలో గాని, త్సావ్తాత్ పట్నంలో గాని నెల రోజులు ఉండాలి. ప్రపంచంలో క్వారంటైన్ చట్టాల్లో మొట్టమొదటిదిగా దీన్నే చెబుతారు. రేవు పూర్తిగా మూసేస్తే తిండి ఉండదు, బార్లా తెరిస్తే ప్రాణాలు ఉండవు. రెండిటికీ మధ్యన దారి వెతుక్కున్నారు. కోవిడ్‌లో పద్నాలుగు రోజులు బేస్‌మెంట్లో కూర్చున్న మనకి ఆ నెల రోజులంటే ఏమిటో కొంచెమైనా తెలియాలి. ఆ చట్టం చేసిన ఊరు ఇవాళ "ఒకేసారి ఇంతమందే" అంటే మనల్ని అవమానించినట్టు కాదు, తన పాత అలవాటు ప్రకారం నడుచుకున్నట్టు.

ఆ కథ తాలూకు కట్టడం ఇప్పటికీ నిలబడే ఉంది. తూర్పున ప్లోచే ద్వారం దాటి బయటికి రాగానే సముద్రం ఒడ్డున వరసగా పొడవాటి రాతి షెడ్లు, మధ్యమధ్య ఖాళీ ఆవరణలు కనిపిస్తాయి. వాటిని లజరేటి అంటారు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో కట్టారు. ఒట్టోమన్ రాజ్యం నుంచి బిడారుల్లో వచ్చిన వర్తకులూ వాళ్ల సరుకూ ఇక్కడ గడువు తీరేదాకా ఆగాల్సిందే. ఇప్పుడు వాటిలో చేతిపనుల వర్క్‌షాపులూ కార్యక్రమాలూ నడుస్తున్నాయి. జెండా టూర్లలో చాలావరకు ఇక్కడిదాకా రావు. కాబట్టి పొద్దున అందరూ గోడ మెట్ల దగ్గర క్యూ కడుతుంటే, మీరు ఆ క్యూ పక్కనుంచి తిన్నగా ఊరు దాటి తూర్పు ద్వారానికి నడవండి. నా సలహా అంతే.

ఆ నడక స్త్రాదున్ అనే పెద్ద వీధి మీదుగా సాగుతుంది. ముందు పిలే ద్వారం లోపల ఒనోఫ్రియో ఫౌంటెన్ దగ్గర బాటిళ్లు నింపుకోండి. 1438లో నేపుల్స్ వైపు నుంచి వచ్చిన ఇంజనీరు ఒనోఫ్రియో పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊట నుంచి కాలువ కట్టి నీళ్లు తెచ్చాడు. పదహారు రాతి ముఖాల నోళ్లలోంచి ఇప్పటికీ తాగే నీళ్లు వస్తున్నాయి. పక్కనే ఫ్రాన్సిస్కన్ మఠంలో 1317 నుంచి ఉన్న మందుల షాపు, ఇప్పటికీ నడుస్తోంది.

స్త్రాదున్‌లో షాపుల్లోకి కాకుండా షాపుల తలుపుల వైపు చూడండి. ఒకే రాతి కమాను కింద తలుపూ కిటికీ కలిసి ఉంటాయి. సగం నేలదాకా తెరుచుకుని ఉంటే, మిగతా సగం నడుమెత్తు గోడ. ఆ గోడే కౌంటర్. షాపతను లోపలే నిలబడి దాని మీదుగా సరుకు అందించేవాడు, కొనేవాడు వీధిలోనే ఉండేవాడు. మన ఊళ్లలో పాత కిరాణా కొట్టు అరుగు మీద నిలబడి బెల్లం కొన్నవాళ్లకి ఈ ఏర్పాటు వివరించక్కర్లేదు. వీధంతా ఒకే పోతలో ఎందుకుందీ అంటే, 1667 ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో ఊరు కూలిపోయింది, రాజ్యాధినేతతో సహా వేలమంది పోయారు. తర్వాత ఒక పద్ధతి ప్రకారం తిరిగి కట్టుకున్నారు. పరిచిన సున్నపురాయి జనం పాదాలకి అరిగి అద్దంలా మెరుస్తుంటుంది. వానపడితే మాత్రం జారుడుబల్లే, పెద్దవాళ్ల చెయ్యి వదలొద్దు.

ఇక మన సంఘం సభ్యులు, ముఖ్యంగా కార్యవర్గంలో ఉన్నవాళ్లు, తప్పక వెళ్లాల్సిన చోటు రెక్టార్ భవనం. రెక్టార్ అంటే ఆ గణరాజ్యానికి అధినేత. పదవీకాలం ఎంతనుకున్నారు? ఒక్క నెల. ఆ నెల రోజులూ భవనంలోనే ఉండాలి, ప్రభుత్వ పని మీద తప్ప గడప దాటకూడదు. దిగిపోయాక మళ్లీ రెండేళ్ల దాకా ఆ కుర్చీ దక్కదు. మహాసభ గది ద్వారం మీద లాటిన్‌లో చెక్కి ఉంది: సొంత పనులు మరిచిపోండి, ప్రజల పనులు చూడండి అని. ఇది ప్రజాస్వామ్యమని నేననను. సభలో కూర్చునేది కొన్ని ప్రభువుల కుటుంబాల మగవాళ్లే. కానీ ఒక మనిషి కుర్చీకి అతుక్కుపోతే ఏమవుతుందో వాళ్లకి బాగా తెలుసు. ఏటా ఎన్నికల సీజన్లో ప్యానెళ్లుగా చీలి, ఒకరి మీద ఒకరు లాయర్ నోటీసులు పంపుకునే మన సంఘాల చరిత్ర తెలిసిన ఎవరికైనా ఆ గడప దగ్గర నవ్వొస్తుంది.

అదే భవనం ఆవరణలో ఒక కంచు విగ్రహం ఉంది, ఛాతీ వరకే. మిహో ప్రాత్సాత్ అనే ఓడల వ్యాపారిది. లోపుద్ దీవి మనిషి, తన ఆస్తిని గణరాజ్యానికి రాసిచ్చి పోయాడు. ఆయన చనిపోయిన మూడు దశాబ్దాలకి, 1638లో, ఆ విగ్రహం పెట్టారు. గణరాజ్యం తన సాధారణ పౌరుల్లో విగ్రహం పెట్టి గౌరవించింది ఆయనొక్కణ్నే. దాతలకి బ్యాంక్వెట్లో ప్లాటినం, డైమండ్, గోల్డ్ అని వరస కట్టి, స్టేజీ మీద శాలువాలు కప్పి, రాత్రి పదకొండు దాకా పిల్లల డాన్సు ఆపేసే మనం ఆ విగ్రహం ముందు రెండు నిమిషాలు నిలబడితే నష్టం లేదు.

మరి గోడ వద్దా? ఓపికున్నవాళ్లు సాయంత్రం పూట, ఓడ టైము చూసుకుని ఎక్కండి. టికెట్టు చవకేం కాదు, సీజన్లో మనిషికి ముప్పై యూరోల పైమాటే, కనుక ఎక్కితే తీరిగ్గా చూడండి. పైనుంచి అందరూ సముద్రాన్ని ఫోటో తీస్తారు, నన్నడిగితే ఇంటి కప్పులు చూడాలి. ఎక్కువ పెంకులు కొత్త నారింజ రంగులో ఉంటాయి, అక్కడక్కడా వెలిసిపోయిన పాత పెంకులు. క్రొయేషియా యుగోస్లావియా నుంచి విడిపోతున్నప్పటి యుద్ధంలో, 1991 అక్టోబరు నుంచి యుగోస్లావ్ సైన్యం ఊరిని ముట్టడించింది. డిసెంబరు 6న గుండ్ల వాన కురిపించింది. పాత నగరంలోని 824 భవనాల్లో మూడింట రెండు వంతులకు దెబ్బ తగిలింది. కొత్త పెంకులు ఆ తర్వాత వేసినవి. ఏ పెంకు ఎప్పటిదో రంగు చూసి మీరే చెప్పగలరు, గైడు అక్కర్లేదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీషు టీవీ సీరియల్ షూటింగ్ జరిగిన మెట్ల మీద పోజు కోసం అరగంట క్యూలో నిలబడే పిల్లలకి కూడా ఈ సంగతి చెప్పి చూడండి, వాళ్లకే ఎక్కువ ఆసక్తి పుడుతుంది.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకి స్ర్జ్ కొండ మీదికి కేబుల్ కారు ఉంది. 1969లో మొదలైంది, యుద్ధంలో నాశనమైంది, 2010లో మళ్లీ తిరిగింది. నాలుగు నిమిషాలు పట్టదు. పైన కూర్చుంటే ఊరూ దీవులూ మొత్తం కనిపిస్తాయి.

భోజనం ఊళ్లోనే చేయండి. వెజ్ దొరకదన్నది వట్టి భయం. బ్లిత్వా అని పాలకూర లాంటి ఆకుని బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో వండుతారు, ఉప్పు కారం తక్కువైతే మీ బ్యాగులో ఆవకాయ ప్యాకెట్ ఎలాగూ ఉంటుంది. నల్లటి రిసోటో అనే అన్నం వంటకం చూసి ముచ్చటపడి ఆర్డరివ్వకండి, ఆ నలుపు కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి సిరాది. స్త్రాదున్ మీద కంటే పక్క సందుల్లో, అంతకంటే గ్రూజ్ వైపున, బిల్లు తక్కువ. ఓడ పక్కనే గ్రూజ్‌లో పొద్దున కూరగాయల సంత కూడా ఉంటుంది, సీజన్లో అంజూరాలు బాగుంటాయి.

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి వీసా మాట. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో ఉంది, కరెన్సీ కూడా యూరోనే. అమెరికా గ్రీన్ కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన షెంగెన్ వీసా అక్కర్లేదనుకోవద్దు. ఇదే రూటులో ఓడ మాంటెనెగ్రోలోని కొటోర్‌లో కూడా ఆగుతుంటే, అది షెంగెన్ బయటి దేశం. అక్కణ్నుంచి మళ్లీ ఇటలీకో గ్రీసుకో వస్తారు కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసానే అడగండి.

"సొంతంగా పోతే ఓడ వదిలేసి వెళ్లిపోతుందేమో" అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. రోమ్ విషయంలో అది న్యాయమైన భయమే, రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. కంపెనీ టూరు బస్సులో వెళ్తే ఆగుతుంది, ఆ పూచీకి డబ్బు కట్టడంలో తప్పు లేదు. మూడు కిలోమీటర్ల దూరానికి మాత్రం ఆ పూచీ కొనక్కర్లేదు. బస్సులు కిక్కిరిసినా నడిచి రావచ్చు.

కాబట్టి కార్యవర్గానికి నా ప్రతిపాదన ఇది. వచ్చే వేసవి రూటు ఎంచుకునేటప్పుడు పోర్టుల సంఖ్య పక్కన పెట్టి, డుబ్రోవ్నిక్, కొటోర్, మాల్టాలోని వల్లెట్టా లాంటివి, రేవుకి ఊరు దగ్గరగా ఉండేవి, ముందు చూడండి. ఓడ సాయంత్రం ఆలస్యంగా కదిలే రూటుకి వంద డాలర్లు ఎక్కువైనా ఒప్పుకోండి. నలభై మందిని ఐదుగురేసి చొప్పున ఎనిమిది బ్యాచ్‌లు చేయండి, ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో వరస ఇవ్వండి: కొందరికి ముందు లజరేటి, కొందరికి ముందు రెక్టార్ భవనం, కొందరికి కేబుల్ కారు. జెండా వద్దు. ఏ బ్యాచ్‌లో ఎవరుండాలన్న పంచాయితీ తప్పదని తెలుసు. ఆ లిస్టు వేసే పని నేను చేస్తాను, తిట్లు కూడా నాకే పంపండి.