జాతీయ ఆరోగ్య విధానం 2017 గారికి, కోనసీమ నుంచి

అయ్యా విధానం గారూ, నమస్కారమండీ.

మీరక్కడ ఢిల్లీలో క్షేమమని తలుస్తాను. ఇక్కడ మా పెద్దమ్మ క్షేమమా అంటే, ఏ జబ్బు సంగతి అడుగుతున్నారో ముందు చెప్పాలండి. షుగరుంది, బీపీ ఉంది, ఆయాసం ఉంది, మోకాళ్లు అరిగిపోయాయి, ఈమధ్య కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగిందన్నారు. మీ లెక్కల్లో ఇవి తలా ఒక మనిషికి వస్తాయి కాబోలు.

2010లో పెట్టిన ఎన్‌పీసీడీసీఎస్ అనే జాతీయ కార్యక్రమం పేరులో క్యాన్సరు, షుగరు, గుండెజబ్బు, పక్షవాతం పెళ్లిభోజనాల బంతిలో కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి, 2023లో దాన్ని కుదించి ఎన్‌పీ-ఎన్‌సీడీ అన్నారు. సంతోషం. పేరు చిన్నదైంది, పెద్దమ్మ ఓపీ చీటీలు మాత్రం తగ్గలేదు.

అమలాపురంలో ఆయాసం డాక్టరు గారు స్టెరాయిడ్ రాస్తే షుగరు మూడొందలు దాటింది, షుగరు డాక్టరు గారు డోసు పెంచారు, మోకాళ్లకి ఇంకొకాయన నొప్పి బిళ్లలిస్తే బీపీ ఎగిసింది, ఆఖరికి కిడ్నీ డాక్టరు గారు చీటీ చూసి "ఈ బిళ్లలెవరు వాడమన్నారమ్మా" అని కోప్పడ్డారు, అదీ పెద్దమ్మనే! ఎవరి చీటీ వరకు వాళ్లు కరెక్టేనండి, తమాషా అంతా అక్కడే ఉంది.

ఆత్రేయపురం పూతరేకులొచ్చిన అట్టపెట్టెలో ఇప్పుడు స్ట్రిప్పులున్నాయి. ఒక్కోదాని మీద పెన్నుతో పొ, మ, రా అని రాసుకుంది, ఒకదాని మీద రా కొట్టేసి పొ, మళ్లీ పొ కొట్టేసి రా.

ఆశా అమ్మాయి వచ్చి ఫారం నింపుతుంది, బీపీ షుగరు మాత్రలు ఫ్రీగానే ఇస్తారు, కాదన్ను. ఆయుష్మాన్ భారత్‌లో ఆస్పత్రిలో మంచమెక్కితే ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా చూస్తారు, డిశ్చార్జయ్యాక 15 రోజుల మందులూ అందులోనే. పదహారో రోజునుంచి షుగరు సెలవు పెడుతుందనుకున్నారాండీ?

ఇంగ్లండులో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ వాళ్లు మీకంటే ఏడాది ముందే, 2016లో, రెండు, అంతకుమించి దీర్ఘకాలిక జబ్బులు కలిసున్నవాళ్లకని విడిగా గైడ్‌లైన్ రాశారు, అనవసరమైన మందులు ఎలా తగ్గించాలో కూడా అందులో ఉంది. మాకు అంత పుస్తకం వద్దులెండి, ఈ చీటీలన్నీ ఒక్క బల్ల మీద పరిచి "ఇది ఉంచు, ఇది మానెయ్" అనే డాక్టరు ఒక్కరు పీహెచ్‌సీలో దొరికితే చాలు.

అన్నట్టు, 2025 కల్లా తెలిసిన బీపీ, షుగరు పేషెంట్లలో 80 శాతం మందికి జబ్బు కంట్రోల్లో ఉండాలని మీరే రాసుకున్నారు కదా. బీపీ కంట్రోల్లో ఉండి షుగరు కంట్రోల్లో లేని వారం తను ఆ 80లో ఉన్నట్టా లేనట్టా అని పెద్దమ్మ అడగమందండి.