తుమ్మితే దీవెన, అడిగితే దీవెన

పైసా ఖర్చు లేకుండా పంచగలిగిన వస్తువులలో దీవెన ముఖ్యమైనది. అయినా దాని పంపిణీ విధానాన్ని పెద్దలెవరూ శ్రద్ధగా పరిశీలించకపోవడం విచారకరం. ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో దీవెన పొందడానికి వయసు, వినయం, సత్ప్రవర్తన ఏవీ అక్కరలేదు, తుమ్మితే చాలు. బస్సులో పక్క సీటులోని అపరిచితుడు, మనకంటే పదేళ్లు చిన్నవాడైనా సరే, ‘బ్లెస్ యు’ అని ఆశీర్వదించేస్తాడు. దగ్గినవాడికి ఈ సదుపాయం లేదు. దగ్గూ తుమ్మూ ఒకే జలుబు కడుపున పుట్టిన తోబుట్టువులైనా ఒకదానికి ఆశీస్సు, మరొకదానికి అనుమానపు చూపు దక్కుతున్నాయి. పైగా దీవెన అందుకున్నవాడు వెంటనే ‘థాంక్యూ’ చెప్పి బాకీ తీర్చాలి. (బయలుదేరే వేళ తుమ్మినవాడిని దోషిగా చూసే మనకు ఈ ఔదార్యం వింతగా తోచడం సహజమే.)

ఆ ‘బ్లెస్’ పుట్టుక మరీ గంభీరమైనది. పాత ఇంగ్లీషులో నెత్తురును సూచించే మాట నుంచి అది వచ్చిందనీ, బలిరక్తం చల్లి పవిత్రం చేయడం దాని తొలి అర్థమనీ పదచరిత్రకారులు చెబుతారు. క్రైస్తవం వచ్చాక, మంచి పలకడం అనే అర్థమున్న లాటిన్ మాటకు దానినే అనువాదంగా కూర్చోబెట్టారు. దీవెనకు పోర్చుగీసు భాషలో వాడే ‘బెన్సావ్’ మాత్రం ఆ లాటిన్ మాటకు సొంత బిడ్డ, నెత్తుటి మరక అంటనిది.

అందుకే కాబోలు, పోర్చుగీసు మాట్లాడేవారు దానిని తుమ్ముల మీద వృథా చేయరు. తుమ్మినవాడికి ‘ఆరోగ్యం’ అని అర్థం వచ్చే ‘సవూదె’తో సరిపెడతారు. దీవెన కావాలంటే నోరు తెరిచి అడగాలి. బ్రెజిల్‌లో పాతకాలపు పద్ధతి పాటించే ఇళ్లలో పిల్లవాడు ‘బెన్సా, పాయ్’ అని తండ్రిని అడుగుతాడు, తండ్రి ‘దేవుడు నిన్ను దీవించుగాక’ అంటాడు. చివరి అక్షరాన్ని మింగేసి ‘బెన్సావ్’ను ‘బెన్సా’గా కుదించినా దీవెనలో కోత పడదు. ఆకుకొమ్మ ఆడిస్తూ, మంత్రం గొణుగుతూ దిష్టి తీసే స్త్రీలను అక్కడ ‘బెంజెదేయిరా’ అంటారు. పరనా రాష్ట్రంలోని రెబోసాస్ అనే చిన్న పట్టణం 2010లో వీరిని గుర్తిస్తూ ఏకంగా చట్టమే చేసింది. మన దిష్టి తీసే అవ్వలకు ఇంతవరకు ఏ మునిసిపాలిటీ గుర్తింపు కార్డు ఇవ్వలేదన్న సంగతి సంబంధిత అధికారుల దృష్టికి తెస్తున్నాను.

ఇక అమెరికా దక్షిణ రాష్ట్రాల దీవెన మరో రకం. అక్కడ ఒక పెద్దావిడ తియ్యగా నవ్వి ‘బ్లెస్ యువర్ హార్ట్’ అన్నదంటే, చాలాసార్లు ‘పాపం, నీకు బుర్ర తక్కువ నాయనా’ అని అర్థం. ఉద్యోగానికి అట్లాంటా చేరిన మన కుర్రవాడు ఆ మాట విని పొంగిపోయి పాదాలకు నమస్కరించబోతే నవ్వులపాలవుతాడు. తెలుగు కార్యాలయాలలో పై అధికారి ఫైలు విసిరికొట్టి వేసే అక్షింతలను అతడు గుర్తు చేసుకోవాలి. ఇవీ అవే, కాకపోతే పసుపు కలపనివి.