రెండో శిక్షణ ఎవరిస్తారు?

చెన్నైలోని తెలుగు ఇళ్లలో పిల్లల్ని సంగీతానికి పంపే తల్లిదండ్రులకు మనసులో ఒక లెక్క ఉంటుంది. సరళీ వరుసలతో మొదలుపెట్టి వర్ణాలు, కృతుల దాకా పదేళ్లు నేర్చుకుంటే సినిమా పాట దానంతటదే వచ్చేస్తుందని. రాదు. ఆ పదేళ్లలో చెవి తయారవుతుంది, స్వరస్థానం నిలుస్తుంది, విన్న వరుసను (ట్యూన్‌ను) వెంటనే స్వరం రాసుకునే శక్తి వస్తుంది. ఇవి లేనివాళ్లు స్టూడియోలో పడే అవస్థ చూస్తే వీటి విలువ తెలుస్తుంది. కానీ మైకు ముందు పాడటం వేరే విద్య. దానికి ఇంకో రెండేళ్ల శిక్షణ కావాలి. మన సంగీతం క్లాసుల్లో అది పాఠంగా లేదు.

ఒకప్పుడు ఆ శిక్షణ స్టూడియోలే ఇచ్చేవి. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని మద్రాసు వచ్చిన పి. సుశీలగారిని ఏవీఎం స్టూడియో వారు నెలజీతం మీద తీసుకున్నారు, తమిళ ఉచ్చారణ నేర్పడానికి ప్రత్యేకంగా ఒక మాస్టారిని పెట్టారు. అదే విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్న ఘంటసాలగారు కూడా మద్రాసులో ఎన్నో రిహార్సళ్లు చూసి, చిన్న చిన్న పాటలు పాడి పైకొచ్చారు. వాద్యగోష్ఠి అంతా ఒకే హాల్లో కూర్చుని గాయకుడితో కలిసి ఒకే టేక్‌లో రికార్డు చేసే రోజుల్లో, ఒక్కరు తప్పితే మొత్తం మళ్లీ మొదటికొచ్చేది. అందుకే సంగీత దర్శకుడి సహాయకుడు హార్మోనియం పెట్టుకుని రోజుల తరబడి పాట నేర్పేవాడు. శాస్త్రీయంగా నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యంగారు ‘శంకరాభరణం’ పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్నారంటే, ఆ వెనుక సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌గారి సహాయకుడు పుహళేంది కూర్చోబెట్టి నేర్పించిన కష్టం ఉంది.

ఇప్పుడు పాటను ముక్కలుగా రికార్డు చేసి కంప్యూటర్‌లో అతుకుతున్నారు. తప్పు పడితే ఆ ఒక్క మాటే మళ్లీ పాడిస్తారు. రిహార్సల్ అవసరం తీరిపోయింది, దానితో పాటే నేర్పే మనిషీ పోయాడు. వడపళని, సాలిగ్రామం సందుల్లోని చిన్న గదుల్లో పిల్లకు వరుస ఫోన్‌లో వినిపించి గంటలో పాడి వెళ్లమంటారు. అక్కడ ఏం తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో విడమరచి చెప్పుకోవాలి.

మొదట శ్రుతి. కచేరీలో శ్రుతి మనది, సినిమాలో ముందే రికార్డు చేసి ఉంచిన వాద్యాల ట్రాక్‌ది. ఆరు శ్రుతిలో, అంటే ‘ఏ’లో కచేరీ చేసే అమ్మాయిని ‘డి’ స్కేల్ యుగళగీతానికి పిలిచారనుకుందాం. ఆ స్కేల్ మగ గొంతుకు సుఖం. ఈ పిల్లకు మాత్రం పాట షడ్జమం తన మధ్యమం మీద పడుతుంది. పల్లవి బాగానే ఉంటుంది. చరణంలో వరుస తారస్థాయి గాంధారం తాకిందా, అది ఆమె సొంత శ్రుతి లెక్కన తారస్థాయి ధైవతం. కచేరీలో తార పంచమం దాటి పాడే సందర్భమే అరుదు. అక్కడ గొంతు బిగుస్తుంది, స్వరం కిందికి జారుతుంది, ‘ఈ పాపకు పిచ్ లేదు’ అన్న మాట పడుతుంది. పిచ్ ఉంది, ఆ ఎత్తులో సాధకం లేదు. రోజూ ఒకే వర్ణాన్ని నాలుగు శ్రుతుల్లో పాడాలి: తన శ్రుతి, దానికి ఒక మెట్టు కింద, ఒక మెట్టు పైన, రెండు మెట్లు పైన. పై శ్రుతుల్లో గట్టిగా పాడకూడదు. గొంతు సన్నంగా, తేలిగ్గా పైకి వెళ్లడం అలవాటయ్యాకే బలం పెంచాలి.

గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పాడే పద్ధతి దగ్గర గురువులకూ ఇంజనీర్లకూ ఎప్పుడూ పేచీ. తోడి గాంధారాన్ని మనం ఒకచోట నిలిపి పాడం. రిషభం దగ్గర నుంచి మధ్యమం దాకా ఊపుతాం, ఆ ఊపే తోడి. కింద వయొలిన్లు సాధారణ గాంధారంతో మైనర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకుని కదలకుండా నిలిచి ఉంటే, ఊగే గొంతు దానితో రాపిడి పడి అపశ్రుతిలా వినిపిస్తుంది. పైగా పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ పన్నెండు స్వరస్థానాలనే ఎరుగును. దాన్ని వేగంగా సరిచేసేలా పెడితే కంపిత గమకాన్ని, అంటే ఆ ఊపును, మెట్లుమెట్లుగా తెగ్గొడుతుంది. పది కీర్తనలు వచ్చిన పిల్ల రోబోలా వినబడటానికి కారణం ఇదే. అలాగని గమకం వదిలేయమనడం అన్యాయం. జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, దాదాపు ఎక్కడైనా నిలబడుతుంది. స్ఫురితం (స్వరాన్ని తాకి నొక్కడం), చిన్న బిర్కా (వేగంగా దొర్లే స్వరాల గుత్తి) మాట చివర వస్తే అందమే. కంపితం మాత్రం కింద కార్డ్ మారేచోట, లేదా వాద్యాలు ఆగి గొంతు ఒంటరిగా మిగిలేచోట వాడుకోవాలి. ఒక టేక్ సాదాగా, ఇంకోటి గమకంతో ఇచ్చి రెండూ ఉంచమనాలి. ఆటోమేటిక్‌గా కాకుండా స్వరం స్వరం విడిగా సరిచేయమని అడగాలి. మెలొడైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక స్వరం కేంద్రాన్ని కదిపి దాని ఊపును అలాగే ఉంచవచ్చు. ఈ సంగతి తెలిసి అడిగే గాయనికి ఇంజనీర్ దగ్గర మర్యాద కూడా పెరుగుతుంది.

లయ సంగతికొస్తే, కచేరీలో మృదంగం మనిషి చేతిలో ఉంటుంది, పాట కాస్త పరుగెత్తినా ఆయన సర్దుకుంటాడు. క్లిక్, అంటే హెడ్‌ఫోన్‌లో మోగే మెట్రోనోమ్ దెబ్బ, సర్దుకోదు. ఆది తాళంలో మెట్రోనోమ్‌ను ముందు ఎనిమిది దెబ్బలకూ పెట్టి, తర్వాత నాలుగుకు, రెండుకు, చివరకు సమం (తాళం మొదలయ్యే దెబ్బ) మీద ఒక్కదానికే తగ్గించి పాడాలి. ఆవర్తనం తిరిగొచ్చి ఆ ఒక్క దెబ్బ మీద పడితే కాలప్రమాణం కుదిరినట్టు. ఇంకో మెలకువ ఉంది: దెబ్బ మీద పడవలసింది అచ్చు, హల్లు కాదు. ‘స్త్రీ’ అనే మాట సమం మీద ఉంటే ఆ మూడు హల్లులూ ముందే అయిపోయి ‘ఈ’కారం దెబ్బ మీద వినిపించాలి. ఇది తెలియక ఎంత శ్రుతిశుద్ధంగా పాడినా ‘లేటుగా ఉంది’ అంటూ పది టేకులు తీయిస్తారు. హెడ్‌ఫోన్‌లో తన గొంతు ఆలస్యంగా వినిపిస్తున్నా ఇదే బాధ. గొంతు కంప్యూటర్ చుట్టూ తిరగకుండా నేరుగా చెవికి వచ్చేలా డైరెక్ట్ మానిటరింగ్ పెట్టమంటే తీరుతుంది. ఒక చెవి తెరుచుకుని పాడే అలవాటున్నవాళ్లు ఆ వైపు శబ్దం ఆపించుకోవాలి, లేకపోతే క్లిక్ మైకులోకి కారుతుంది.

మైకుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ఊపిరి దెబ్బను ఆపే జల్లెడ), మొహం కాస్త పక్కకు. ప, బ, భలు నేరుగా తగిలితే దబ్‌మని పేలుతాయి. మరీ దగ్గరికెళితే మంద్రం ఉబ్బి గొంతు బొంగురుగా తేలుతుంది. హాలు చివరి వరుసకు వినిపించాలని నేర్చుకున్న గొంతును చేతి దూరంలో ఉన్న మనిషికి చెప్పినంత మెత్తగా పెట్టడం చాలామంది కచేరీ పిల్లలకు అన్నిటికంటే కష్టం. రోజూ పావుగంట లాలిపాట పాడినంత చిన్న గొంతుతో కృతి పాడితే నెలల మీద వస్తుంది.

ఇక ఉచ్చారణ. ఇది చెన్నైలో పుట్టి పెరిగిన మన పిల్లల ప్రత్యేక సమస్య, అందుకే దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. పాటను తమిళ లిపిలో రాసుకుంటే క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ఇంగ్లీషులో రాసుకుంటే లకూ ళకూ, నకూ ణకూ తేడా పోతుంది, దీర్ఘం ఎక్కడో తెలియదు. తెలుగు లిపిలో రాసుకున్నా చాలనిది ఇంకొకటుంది. ‘చుక్క’, ‘చాలు’లో చకారం దంత్యం, ‘చంద్రుడు’, ‘చరణం’లో తాలవ్యం. ‘జోల’లో జ ఒకటి, ‘జలం’లో జ ఇంకొకటి. అక్షరం ఒక్కటే, నాలుక పడే చోటు వేరు. హైదరాబాద్ నుంచి వచ్చిన గీత రచయిత ఈ తేడాను మొదటి పంక్తిలోనే పట్టేస్తాడు, ‘పాప తమిళ అమ్మాయా?’ అని అడుగుతాడు. విరుపు ఇంకో సంగతి. కృతిలో తాళం కోసం మాటను మధ్యలో విడగొట్టి పాడటానికి మన చెవి అలవాటుపడిపోయింది. సినిమా పాటలో మాట విరిగితే అర్థం చచ్చిపోతుంది. పాట పాడే ముందు సాహిత్యాన్ని వచనంలా మూడుసార్లు చదివి, ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. పద్యం నేర్చుకోవడం దీనికి గట్టి మందు. తాళం లేకుండా, అర నిమిషంలో రాగం చూపిస్తూ, మాట నలగకుండా పాడాలంటే ఘంటసాలగారి పద్యాలకు మించిన పాఠం లేదు.

‘సినిమా పాటలు పాడితే కచేరీ గొంతు పోతుంది’ అనే మాట మన సభల్లో ఇంకా వినిపిస్తుంది. పోవడం నిజమే, కానీ పాట వల్ల కాదు. శ్రుతి కాని శ్రుతిలో గంటల తరబడి అరిచి పాడటం వల్ల, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో తన గొంతు తనకు వినిపించక కేకలు పెట్టడం వల్ల పోతుంది. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల పాలతో సరిపెట్టకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర స్వరతంత్రులు చూపించుకోవాలి. బాలమురళీకృష్ణగారు ‘హంసగీతె’ కన్నడ చిత్రానికి జాతీయ ఉత్తమ గాయకుడయ్యారు, ఆ తర్వాత 1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనను సంగీత కళానిధిని చేసింది. వాణీ జయరాంగారు కర్ణాటకం నేర్చుకుని, పెద్దయ్యాక బొంబాయిలో ఉస్తాద్ అబ్దుల్ రహమాన్ ఖాన్ దగ్గర హిందుస్తానీకి శిష్యురాలై, ఆపైన సినిమాకు వచ్చారు. మొదటి అవకాశం రాగానే సాధకం మానేసే పిల్లలు వీళ్లను గుర్తుంచుకుంటే మేలు.

డబ్బు మాట కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి. పెద్ద గాయకుడి కోసం ముందుగా పాడే ట్రాక్‌కు ఇచ్చే మొత్తం ఎంత, ఒకవేళ ఆ గొంతే సినిమాలో ఉంచేస్తే ఎంత, పేరు వేస్తారా, ఇవి పాడకముందే కాగితం మీద ఉండాలి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత వాణిజ్య వాడకంలో గాయకులకూ రాయల్టీ హక్కు ఉంది, అది యాభై ఏళ్ల పాటు ఉంటుంది. దానికోసమే 2013లో గాయకుల హక్కుల సంఘం ఇస్రా ఏర్పడింది, ఇప్పుడు దాని పేరు ఇసామ్రా. పాటలు విడుదలైన వెంటనే అందులో చేరడం మంచిది. గొంతును కృత్రిమ మేధతో నకలు చేయడం గురించి కూడా ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవాలి. 2024లో సంగీత దర్శకుడు ఎ.ఆర్. రహమాన్‌గారు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఒక తమిళ పాటలో వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చారు. అందరూ అడిగి వాడుకుంటారన్న భరోసా లేదు.

చెన్నైలోని మన తెలుగు సంఘం ఏటా పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన చేస్తుంది, ఉగాదికి సినీ సంగీత విభావరి పెడుతుంది. రెండింటి మధ్యా పిల్లలకు దారి వేసే పని ఎవరూ చేయడం లేదు. ఆరాధన అయ్యాక వచ్చే ఆదివారం నుంచి ఆర్నెల్లు, వారానికి రెండు గంటలు, ఎనిమిది మంది పిల్లలతో మొదలుపెట్టవచ్చు. కావలసింది దళసరి పరదాలు వేసిన ఒక గది, ఒక కండెన్సర్ మైకు, మైకును కంప్యూటర్‌కు కలిపే రెండు ఛానెళ్ల ఇంటర్‌ఫేస్, మూసి ఉండే హెడ్‌ఫోన్లు రెండు, ఒక ల్యాప్‌టాప్. మొదటి గంట సంగీతం గురువూ సౌండ్ ఇంజనీరూ ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవాలి, ఒకరి మాట ఒకరు వినాలి. రెండో గంట పిల్లలు పాడింది పిల్లలే వినాలి. తల్లిదండ్రులు బయట వరండాలో. మొదటి రోజుకు ప్రతి పిల్లా తెచ్చుకోవలసినవి మూడు: బాగా వచ్చిన ఒక కృతి, దాన్నే సొంత శ్రుతిలో ఒకసారి, రెండు మెట్లు పైన ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసినది, సొంత దస్తూరీతో తెలుగు లిపిలో రాసుకున్న సాహిత్యం.